పచ్చ ప్యాకెట్‌కి చిల్లు

“నేను చెయ్యలేదు” అని ఆ అమ్మాయి ఒక్కసారి కూడా అనలేదు. “మాస్టారు కళ్ళు తెరిచారా?” అని మాత్రం కూర్చోకముందే రెండుసార్లు అడిగింది.

జువాంగ్ సుయింగ్ పోలీసు శాఖలో ఉన్నన్నాళ్ళూ, బయటికొచ్చి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాకా అబద్ధాలు వినీ వినీ చెవులు కాయలు కాసిన మనిషి. తప్పు చేసినవాళ్ళు ముందు తమ సంగతి మాట్లాడతారని ఆవిడ లెక్క. ఈ జియాన్ యాచీ ఇంకా తన సంగతికి రాలేదు. అందుకే నమ్మాలనిపించింది. నమ్మాలనిపించినప్పుడల్లా ఆవిడకి కాలు నిలవదు. స్టేషన్‌లో ఆ ఇరుకు గదిలో లేచి మూడడుగులు అటు, మూడడుగులు ఇటు తిరగడం మొదలుపెట్టింది.

“ఐసీయూలోనే ఉన్నారు. ఇంకా స్పృహ రాలేదు” అంది సుయింగ్. “ఇప్పుడు నీ సంగతి చూద్దాం. సాయంత్రం నాలుగింటికల్లా ప్రాసిక్యూటర్ తేల్చేస్తాడు. కోర్టు సరేనంటే రెండు నెలలు లోపలే. అందుకని ఏడవకుండా చెప్పు. మంగళవారం ఏం జరిగింది?”

జరిగింది పోలీసుల లెక్కలో చాలా తేలిక. బైలూ కంపెనీ టెస్ట్ ల్యాబ్‌లో, మంగళవారం మధ్యాహ్నం, ఏడో నంబరు మిషన్‌లో ఉన్న గ్రాఫిక్స్ కార్డుకి కరెంటు ప్లగ్గు కరిగిపోయింది. తలుపులు మూసి, వేడి పెంచి కార్డుల్ని పరీక్షించే గది అది. ప్లాస్టిక్ పొగ నిండిపోయి, యాచీ మాస్టారని పిలిచే సీనియర్ ఇంజినీరు వెయ్ హాన్‌సుంగ్ ఉన్నచోటే కూలబడ్డాడు. కార్డుకి హద్దు మీరిన కరెంటు, హద్దు మీరిన వేగం పెట్టింది యాచీ పాస్‌వర్డ్‌తో. ముందు రోజు ఆమెకీ వెయ్‌కీ గట్టిగా గొడవ అయింది. ఇంకేం కావాలి? గురువారం సాయంత్రం వచ్చి పట్టుకుపోయారు.

“ఇరవై ఒకటి దగ్గర ఆపాను అక్కా” అంది యాచీ. “ఆపి, భోజనం డబ్బాలు తేవడానికి కిందికి వెళ్ళాను. ఇరవై ఒకటి దాటించాల్సిన పని లేదు. అప్పటికే మాకు అర్థమైపోయింది.”

“ఏం అర్థమైంది? నాకు అర్థమయ్యేలా చెప్పు. మా ఇంట్లో టీవీ రిమోటే నా మాట వినదు.”

ఆ అమ్మాయి మొహంలో మొదటిసారి కాస్త ప్రాణం వచ్చింది. పని గురించి అడిగితే భయం మర్చిపోయే రకం. “కార్డు మీద మెమరీ చిప్స్ ఉంటాయి కదా. ఇరవై నాలుగు వేగంతో పని చేస్తాయని మా చిప్స్ మీద అచ్చు వేసి ఉంది. సోమవారం నేను ఇరవై నుంచి మెల్లగా పెంచుకుంటూ పోయాను. వేగం పెరిగితే స్కోరు కూడా పెరగాలి. ఇరవై ఒకటి దాటగానే స్కోరు పడిపోవడం మొదలైంది.”

“మిషన్ ఆగిపోలేదా?”

“పాత మెమరీ అయితే తెర మీద చుక్కలొచ్చి ఆగిపోయేది. ఇప్పటివి ఆగవు. తప్పు పంపితే తామే పట్టుకుని, అదే మళ్ళీ పంపుతాయి. మళ్ళీ తప్పు, మళ్ళీ పంపడం. బయట నుంచి చూస్తే మహా వేగంగా పరిగెడుతున్నట్టే ఉంటుంది. పని మాత్రం జరగదు.”

“మా వీధిలో టిఫిన్ దుకాణం ఆవిడ ఇంతే” అంది సుయింగ్. “తొందరెక్కువై ఒకళ్ళ అట్టు ఇంకొకళ్ళకి ఇచ్చేసి, అదే బల్లకి నాలుగుసార్లు తిరుగుతుంది.”

“అదే అక్కా. అంటే ఆ చిప్స్ ఇరవై నాలుగువి కావు. చౌకరకం చిప్స్ మీద పాత అచ్చు గీకేసి కొత్త అచ్చు వేశారు. ఆ సంగతి మాస్టారూ నేనూ సోమవారమే కనిపెట్టాం. చీఫ్‌కి చెబుదామని నేను, ఇప్పుడే ఎవరికీ వద్దని ఆయన. గొడవ దాని మీదే.”

చీఫ్ అంటే ల్యాబ్‌కి పెద్ద, ఫాంగ్ బోయెన్. యాచీ తరపున సుయింగ్‌ని పెట్టుకున్నది ఆయనే. కంపెనీకి ఇష్టం లేకపోయినా సొంత జేబు నుంచి ఫీజు కట్టాడు.

“మీ చీఫ్ ఎలాంటివాడు?”

యాచీ నవ్వబోయి ఆగింది. “చాలా మంచివారు. కొంచెం చాదస్తం. ల్యాబ్‌లో ప్రతి మిషన్ మీదా పచ్చ ప్యాకెట్ ఆయనే పెట్టాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. గడువు తేదీ ముందుకి కనిపించేలా తిప్పి పెడతారు. రోజూ పొద్దున్నే వరసగా నడుచుకుంటూ తేదీలు చూసుకుంటారు. పచ్చ ప్యాకెట్ లేని మిషన్‌కి స్విచ్ వేస్తే మమ్మల్ని చంపేస్తారు.”

సుయింగ్‌కి ఇందులో వింతేమీ కనబడలేదు. మిషన్ నెత్తిన ఆకుపచ్చ చిరుతిళ్ళ ప్యాకెట్ పెట్టని ఆఫీసు ఈ దేశంలో ఎక్కడుంది కనుక. ఆ తినుబండారం పేరే ‘బుద్ధిగా ఉండు’. పచ్చదైతే మిషన్ బుద్ధిగా నడుస్తుంది. పసుపుదీ ఎర్రదీ పెట్టినా, గడువు దాటినా, పొరపాటున ఎవరైనా విప్పి తిన్నా ఇక ఆ మిషన్ పేచీ మొదలుపెడుతుంది. పోలీసు శాఖలో ఉన్నప్పుడు ఆవిడ కంప్యూటర్ మీదా ఒకటి ఉండేది.

వెళ్ళబోతుంటే యాచీ చెయ్యి పట్టుకుంది. “అక్కా, మాస్టారికి ఎవరూ లేరు. డాక్టర్లు అడిగితే నేను కూతుర్నని చెప్పండి.”

సుయింగ్ జేబులోంచి ఎండు రేగుపండు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టి బయటికి నడిచింది.

స్టేషన్ మెట్ల మీద నిలబడే ఫాంగ్‌కి ఫోన్ చేసింది. ఫీజు కట్టినవాడికే మొదటి కబురు అందాలి, అది వృత్తి ధర్మం. గాలి అప్పుడే మొదలైంది. తుపాను సెలవు ప్రకటిస్తారా లేదా అని ఊరంతా ఫోన్లలోకి చూస్తోంది.

“తిన్నదా ఆ అమ్మాయి?” ఫాంగ్ మొదటి మాట అదే.

“తినలేదు. కానీ మంచి కబురు ఉంది. ఆ అమ్మాయికి స్కోరు గుర్తుంది. ఇరవై ఒకటి దాటితే పడిపోయిందట. చిప్స్ దొంగవని ఆమెకీ తెలుసు.”

“వెయ్ ఒక్కడికే తెలుసనుకున్నాను” అన్నాడు ఫాంగ్. “పాపం, ఇంత భారం మోసిందా ఒక్కర్తీ. సరే అక్కా, నేను చేయగలిగింది నేను చేస్తాను. మీరు లువోని వదలకండి.”

సుయింగ్‌కీ వదిలే ఉద్దేశం లేదు.

* * *

లువో జెంగ్‌షున్ బైలూ కంపెనీలో కొనుగోళ్ళ మేనేజరు. పెన్ను నొక్కుతూ, వదులుతూ, నొక్కుతూ కూర్చున్నాడు. ఇద్దరు స్థిమితం లేని మనుషులు ఒక గదిలో చేరితే ఆ గదికే ఊపిరాడదు. సుయింగ్ కూర్చోలేదు, అతను కూర్చోమనలేదు.

“పదిహేను రోజుల్లో మా పెద్ద కార్డు బజారులోకి వస్తోంది. నాకు టైం లేదు. తుపాను వస్తోంది, మా వాళ్ళంతా ఇంటికెళ్ళే తొందరలో ఉన్నారు. అడగండి.”

“పెద్ద కార్డుకి మెమరీ ఎవరు ఎంచుకుంటారు?”

“ధర ఎంచుకుంటుంది.” పెన్ను టక్కుమంది. “అసలు చిప్ తర్వాత ఆ కార్డులో ఖరీదైంది మెమరీయే. ఒకరిది చల్లగా ఉంటుంది, అడిగినంత దొరకదు. ఇంకొకరిది దొరుకుతుంది, పెనంలా కాలుతుంది. ఇంజినీర్లకి వేగం కావాలి, పైవాళ్ళకి లాభం కావాలి, మధ్యలో నలిగేది నేను.”

“నలిగి నలిగి ఈసారి ఎవరి దగ్గర కొన్నారు?”

“ఒక వ్యాపారి దగ్గర.”

“తయారుచేసేవాళ్ళ దగ్గర కాదు.”

“కొరత ఉంది మేడమ్. కొరత అంటే ఏమిటో తెలుసా మీకు?”

“తెలుసు. సరుకు దొరకని రోజుల్లో దొంగ సరుకు బాగా దొరుకుతుంది. ఇరవై ఒకటి చిప్ మీద ఇరవై నాలుగు అని అచ్చు వేసి అమ్మేవాళ్ళు ఉంటారా?”

పెన్ను ఆగింది. లువో మొదటిసారి ఆవిడ కళ్ళలోకి చూశాడు.

“ఉంటారు. అందుకే కదా టెస్ట్ ల్యాబ్ ఉంది. నేను కొంటాను, వాళ్ళు పాస్ చేస్తారు. ల్యాబ్ పాస్ చెయ్యకుండా ఒక్క చిప్ కూడా బోర్డు ఎక్కదు. దొంగదో దొరదో, మిమ్మల్ని పెట్టుకున్నది ఎవరో వాళ్ళనే అడగండి.”

తప్పు పక్కవాడి మీదికి నెట్టడం ఇంత నున్నగా చేసేవాళ్ళని సుయింగ్ చాలామందిని చూసింది. ఆ మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది. అది వదిలెయ్యాల్సిన మాట కాదని ఆవిడకి తెలిసేసరికి చాలా ఆలస్యమైంది.

“ల్యాబ్‌కి వెనక సరుకుల లిఫ్ట్ ఉంది కదా. దాని తాళం?”

“రెండున్నాయి. ఒకటి నా దగ్గర. ఇంకొకటి ల్యాబ్‌లో.” అతను సొరుగు లాగి తాళం చూపించి మళ్ళీ మూశాడు. “నేను ఆ లిఫ్ట్ ఎక్కి ఆర్నెల్లయింది. దుమ్ము పడదు నాకు. మొన్న బుధవారం కింద ఏడో నెల ఆత్మల పూజ చేశారు, ఆ అగరుబత్తుల పొగకి కిటికీలు మూసుకుని ఇక్కడే కూర్చున్నాను.”

“కిందికి వెళ్ళనే లేదా? కంపెనీ అంతా దణ్ణం పెట్టుకుంటుంటే?”

“నేను చర్చికి వెళ్ళే మనిషిని. ఆకలిగొన్న ఆత్మలకి బిస్కెట్లు పెట్టను.” అతని చూపు గోడనున్న చిన్న శిలువ వైపు వెళ్ళింది. అతని కంప్యూటర్ నెత్తిన ఏ ప్యాకెట్టూ లేదు. ఆ నున్నటి నల్లటి పెట్టెని చూస్తే సుయింగ్‌కే ఏదోలా అనిపించింది, టోపీ మరిచిపోయిన పోలీసుని చూసినట్టు.

* * *

ల్యాబ్ తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ పెంగ్ గ్వోదుంగ్ వానకోటు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. ఒకప్పుడు సుయింగ్ కింద పని నేర్చుకున్నవాడు. నేర్చుకున్న విషయం ఎవరైనా గుర్తు చేస్తే మండిపడేవాడు.

“రా అక్కా. యాచీ లాయరు అనుమతి పట్టుకొచ్చాడు కాబట్టి చూపిస్తున్నాను. ఐదు నిమిషాలు. మంగళవారం సాయంత్రం సీలు వేశాను, ఈరోజు నీ కోసం తీస్తున్నాను. ఇంత మర్యాద ఎవరు చేస్తారు?”

“నువ్వు మర్యాద చేసినప్పుడల్లా నాకు భయంగానే ఉంటుంది. మిషన్ చూపించు.”

పది మిషన్లు వరసగా బల్ల మీద ఉన్నాయి. గదంతా పలచటి నల్లటి మసి. గోడలకీ, తెరలకీ, మిషన్ల పెట్టెలకీ, వాటి మీది పచ్చ ప్యాకెట్లకీ పొర పట్టేసింది. ఏడో నంబరు పెట్టె పక్క మూత తీసి ఉంది. లోపల కార్డు ప్లగ్గు కరిగి ముద్దయింది.

“ఇదిగో చూడు” అన్నాడు పెంగ్. కార్డు మీద వేడి లాగే లోహపు రెక్కల పెట్టె ముందే విప్పించాడు. చుట్టూ చిన్న చిన్న నల్లటి చిప్స్ బారులు తీరి ఉన్నాయి. “నిపుణుణ్ణి పిలిచి పరీక్ష చేయించాను. అసలు కంపెనీవే, ఇరవై నాలుగువే, గీకుడు లేదు, దొంగతనం లేదు. నీ అమ్మాయి చెప్పిన స్కోరు కథ నాకూ చెప్పింది. ఈ చిప్స్‌తో స్కోరు పడదట. అంటే ఏమిటి అక్కా?”

“ఏమిటి?”

“అబద్ధం చెప్పిందని. మొదటి అబద్ధం దొరికితే తక్కినవి వాటంతట అవే వస్తాయని నాకు నేర్పింది నువ్వే.”

“నేర్పింది సగమే గుర్తుంది నీకు. అబద్ధం మనిషే చెబుతాడని లేదు, వస్తువు చేత కూడా చెప్పించవచ్చని అప్పుడే అన్నాను. ఆ రోజు నువ్వు సెలవు పెట్టుంటావు.”

పెంగ్ మొహం ఎర్రబడింది. “నాలుగు నిమిషాలు.”

సుయింగ్ కార్డు వంక చూడలేదు. బల్ల వెంట నడిచింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ నడిచింది. చూస్తున్నవాళ్ళకి ఆవిడ ఏదో పారేసుకుని వెతుకుతున్నట్టు ఉంటుంది. నిజానికి ఏదో దొరికింది, కానీ అదేమిటో ఇంకా తెలియలేదు. కళ్ళకి తెలిసింది, బుర్రకి అందలేదు. ఈ దశలో ఆవిడకి ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది.

మొదటి మిషన్ మీది ప్యాకెట్ ఎత్తింది. కింద పెట్టె మీద ప్యాకెట్ ఆకారంలో శుభ్రమైన చోటు. చుట్టూ మసి. రెండోది ఎత్తింది. అదే. మూడోది. అదే.

“ప్యాకెట్లు ముట్టుకోకు అక్కా” అన్నాడు వెనక నిలబడ్డ కానిస్టేబులు, నిజంగా బెదిరిపోయి. “మిషన్లకి కోపం వస్తుంది.”

“వాటికి వచ్చే కోపం నేను పడతాను.” ఏడో మిషన్ దగ్గర ఆగింది. దాని మీది ప్యాకెట్ నిగనిగలాడుతోంది. మసి లేదు. గడువు తేదీ ముందుకి తిరిగి, తక్కిన తొమ్మిదింటిలాగే బుద్ధిగా కూర్చుంది.

“శుభ్రంగా ఉంది” అంది.

“ఉంటే?” పెంగ్ విసుక్కున్నాడు. “మనిషి పడిపోయాడు, అందరూ హడలిపోయారు. మిషన్ శాంతించాలని ఎవడో మంగళవారమే కొత్తది పెట్టుంటాడు. నేను సీలు వేసేలోపు సగం కంపెనీ ఇక్కడే ఉంది. మా వాడే పెట్టినా పెట్టాడేమో.”

“నేను పెట్టలేదు సార్” అన్నాడు కానిస్టేబులు.

సుయింగ్ రెండు వేళ్ళతో ప్యాకెట్ ఎత్తింది. కింద శుభ్రమైన చోటు లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా మసి ఒకేలా పరుచుకుంది.

“పెంగ్, ఇటు రా. వెటకారం తర్వాత చేద్దువుగాని.”

అతను వచ్చి చూశాడు. మొదటి మిషన్ మీది ప్యాకెట్ తనే ఎత్తి చూశాడు. మళ్ళీ ఏడోది చూశాడు. చెడ్డ పోలీసు కాదు, తొందరపాటు పోలీసు. అర్థం చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

“పొగ పట్టినప్పుడు దీని మీద ప్యాకెట్ లేదు” అన్నాడు నెమ్మదిగా.

“ఈ ల్యాబ్‌లో ప్యాకెట్ లేని మిషన్‌కి స్విచ్ వెయ్యరు. యాచీ చెప్పింది. నువ్వు ఎవరినైనా అడుగు. అంటే ఇది ఇక్కడ కాలిన మిషన్ కాదు. ఇంకెక్కడో ప్లగ్గు కరిగించి, పొగ పట్టించి, తెచ్చి పెట్టారు. దొంగ చిప్స్ ఉన్న అసలు మిషన్ ఎత్తుకుపోయారు. నీ నిపుణుడు పరీక్ష చేసింది ఈ మారు మిషన్‌ని. ఆ అమ్మాయి పాస్‌వర్డ్ దొరికింది కూడా ఇందులోనే.”

“సీలు వేసేలోపే మార్చారంటావా?”

సుయింగ్ ప్యాకెట్‌ని అరచేతిలో పెట్టుకుని మెల్లగా నొక్కింది. గాలి నిండి ఉబ్బుగా ఉండాల్సిన ప్యాకెట్ మెత్తగా అణిగిపోయింది. పైమూల వెతికింది. అక్కడ సన్నటి చిల్లు. చిల్లు చుట్టూ గులాబీ ఎరుపు మరక.

ముగ్గురూ ఆ చిల్లునే చూశారు. ముగ్గురికీ అదేమిటో తెలుసు. పూజలో బల్ల మీద పెట్టిన ప్రతి వస్తువుకీ ఒక అగరుబత్తి గుచ్చుతారు. బత్తి పుల్లకి పూసిన ఎర్ర రంగు వేళ్ళకి అంటినట్టే ప్యాకెట్లకీ అంటుతుంది. పూజ అయ్యాక ఆ తినుబండారాలు అందరూ పంచుకుని తీసుకుపోతారు.

“ఈ కంపెనీలో పూజ ఎప్పుడు జరిగింది?” పెంగ్ గొంతు మారింది.

“బుధవారం. నువ్వు సీలు వేసింది మంగళవారం.”

“తలుపు సీలు అలాగే ఉంది. నేనే చూసుకున్నాను.”

“ముందు తలుపుది. వెనక సరుకుల లిఫ్ట్‌కి వేశావా?”

పెంగ్ వెనక్కి తిరిగి సీలు లేని లిఫ్ట్ తలుపు వైపు చూశాడు. ఇంకెవరైనా అయితే ఆ క్షణాన్ని పండగ చేసుకునేవాళ్ళు. సుయింగ్‌కీ చేసుకోవాలనే ఉంది, కానీ మనసు అప్పటికే పక్కకి పరిగెత్తింది.

“తాళాలు ఎవరి దగ్గర?” అడిగాడు పెంగ్.

“లువో దగ్గర ఒకటి.”

“ఇంకేం, చిప్స్ కొన్నదీ వాడే. వెళ్ళి కాలరు పట్టుకుంటాను.”

“ఆగు. దొంగతనంగా మిషన్ మార్చేవాడు ప్యాకెట్ ఎందుకు పెడతాడు? చేతులు వణుకుతుంటాయి, ఎవరైనా వస్తారేమోనని గుండె కొట్టుకుంటుంటుంది. పని అయిపోయింది, పారిపోవాలి. అలాంటప్పుడు కూడా బోడి మిషన్‌ని వదిలి వెళ్ళడానికి కాళ్ళు రాని మనిషే పెడతాడు. లువో తన కంప్యూటర్ మీదే పెట్టుకోడు. పూజ బల్ల దగ్గరికే వెళ్ళలేదు.”

“చూసేవాళ్ళ కోసం పెట్టుండొచ్చు.”

“చూసేవాళ్ళ కోసం అయితే అసలు మిషన్ మీది మసి ప్యాకెట్టే తీసి దీని మీద పెట్టేవాడు. అదే తెలివైన పని. కానీ ఆ మిషన్ మీది ప్యాకెట్ ఇంకో మిషన్‌కి మార్చకూడదు. అది ఆ మిషన్‌కి చెందినది. దొంగతనంలో కూడా ఆ నియమం తప్పలేదు చూడు. జేబులో పూజ ప్యాకెట్ ఉంది, అది తీసి పెట్టాడు. పెట్టి, గడువు తేదీ...”

మాట అక్కడే ఆగిపోయింది.

గడువు తేదీ ముందుకి తిప్పి పెట్టాడు.

ఇంకెవరూ ముట్టుకోకూడదు, ఆయనే పెట్టాలి. ల్యాబ్ పాస్ చెయ్యకుండా ఒక్క చిప్ కూడా బోర్డు ఎక్కదు. రెండో తాళం ల్యాబ్‌లో. చీఫ్‌కి చెబుదామని నేను, ఎవరికీ వద్దని ఆయన. పొద్దుట నుంచి ఆ మాటలన్నీ ఆవిడ చెవిన పడుతూనే ఉన్నాయి, ఒక్కటీ తలకెక్కలేదు. తనూ ఆ మెమరీలాగే పరిగెత్తింది, తప్పు మీద తప్పు మోసుకుంటూ, పని జరుగుతోందనుకుంటూ.

వెయ్ ఒక్కడికే తెలుసనుకున్నాను, అన్నాడు ఫాంగ్. యాచీకి కూడా తెలుసని అతనికి చెప్పింది ఎవరు? తనే. మెట్ల మీద నిలబడి, మంచి కబురని చెప్పి మరీ. అతను ఫీజు కట్టింది ఈ కబుర్ల కోసమే.

సుయింగ్ గిరుక్కున తిరిగింది. “పెంగ్, యాచీ ఎక్కడుంది?”

“స్టేషన్‌లో.” అతను వాచీ చూసుకున్నాడు. “కాదు, నీకు చెప్పలేదు కదూ. తుపాను వల్ల ప్రాసిక్యూటర్ పని త్వరగా ముగించుకున్నాడు. బెయిలు మీద వదిలేశాడు. నీ గెలుపే అనుకో, అందుకే చెప్పడం నాకిష్టం లేకపోయింది. మీ ఫాంగే వచ్చి డబ్బు కట్టాడు. కొండల అవతల యీలాన్‌లో వాళ్ళమ్మ దగ్గర దింపుతానని తన కారులో తీసుకెళ్ళాడు. గంట అయింది.”

సుయింగ్ అప్పటికే ఫోన్ నొక్కింది. యాచీ ఫోన్ పోలీసుల దగ్గరే ఉంది. మిగిలింది ఫాంగ్ నంబరు ఒక్కటే. మూడోసారి మోగాక ఎత్తాడు.

“చెప్పండి అక్కా.” అదే మెత్తటి గొంతు. వెనక వాన, అద్దాల మీద నీళ్ళు తుడుస్తున్న వైపర్ల చప్పుడు. “సొరంగం దగ్గర బండ్లు నిలిచిపోయాయి. పాత కొండ దారిన వెళ్తున్నాం.”

“అమ్మాయి తిన్నదా?” తన గొంతు మామూలుగా ఉండాలని సుయింగ్ పళ్ళు బిగించింది. పక్కనే చెవి ఒగ్గి విన్న పెంగ్ అప్పటికే వైర్‌లెస్‌లో కొండ దారి పేరు చెబుతున్నాడు.

“అన్నం డబ్బా కొనిచ్చాను. తింది. నిద్రపోతోందనుకుంటా.”

“నిద్రపోవట్లేదు అక్కా.” యాచీ గొంతు, ఫోన్ తనే అందుకున్నట్టుంది. అలసిపోయినా సంతోషంగా ఉంది. “ఏసీకి చలేస్తోందని వెనక సీట్లో దుప్పటి లాగాను. దాని కింద మన ఏడో నంబరు ఉంది. చీఫ్, ఇది పోలీసుల దగ్గర ఉండాలి కదా? మీద ప్యాకెట్ కూడా అలాగే ఉంది, మొత్తం నల్లగా.”

అద్దాల మీద వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

“యాచీ” అంది సుయింగ్, చాలా నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు. “నువ్వేమీ మాట్లాడకు. కడుపులో తిప్పుతోందని చెప్పి బండి ఆపమను. దిగు. దిగి, ఎటు వెలుతురు కనిపిస్తే అటు పరిగెత్తు. ఆయనకి అనుమానం రాకుండా...”

“అక్కా” అన్నాడు ఫాంగ్. ఆ గొంతులో ఇప్పటికీ కోపం లేదు. “నేను బండి నడుపుతున్నాను కదా. ఫోన్ స్పీకర్‌లో ఉంది.”